కొత్తగా వెల్లడయ్యే భద్రతా లోపాలు – కార్యాలయాలు గమనించవలసిన విధానం
(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ పరికరాలలో నిత్యం బయటపడుతున్న భద్రతా లోపాల సమాచారాన్ని ఎక్కడి నుండి పొందవలెను, ఏ క్రమంలో పరిశీలించవలెను అనే విషయాలను పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం వివరించే ఉద్దేశ్యంతో ఈ వ్యాసం రూపొందించడమైనది.

ఈ విషయంలో రాష్ట్రానికి కలిగిన తొలి పెద్ద అనుభవం 2017 మే నెలలోనిది. ఆ నెల 12వ తేదీ శుక్రవారం ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ మరునాటికి చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లను తాకినట్లు అప్పట్లో వార్తా సంస్థలు వెల్లడించాయి. తిరుమల తిరుపతి దేవస్థానంలోనూ కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. యంత్రంలోని ఫైళ్ళను తెరవడానికి వీలు లేకుండా తాళం వేసి, విడిపించుటకు బిట్‌కాయిన్ల రూపంలో సొమ్ము కోరడం ఈ వైరస్ పద్ధతి. దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నట్లు ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ అంచనా వేసింది.

ఇందులో గమనించదగిన అంశం తేదీలలో కలదు. వాన్నాక్రై వాడుకొన్న లోపం విండోస్‌లో ఫైళ్ళను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంచుకొనే భాగంలోనిది. దానిని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ ఎంఎస్17-010 అనే సంఖ్యతో 2017 మార్చి 14వ తేదీనే విడుదల చేసింది. మన దేశపు కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ కూడా మార్చిలోనే హెచ్చరిక జారీ చేసింది. ఏప్రిల్ 14న, అదే లోపాన్ని వాడుకొనే సాధనాన్ని షాడో బ్రోకర్స్ అనే పేరుతో వ్యవహరించే ముఠా బహిరంగపరచింది. దాడి జరిగినది మే 12న. అనగా ప్యాచ్ అందుబాటులోకి వచ్చిన 59 రోజుల తరువాత. హెచ్చరిక లేకపోవడం వలన గాక, హెచ్చరికను చదివి తమ యంత్రాలకు వర్తింపజేసే ఏర్పాటు లేకపోవడం వలన జరిగిన నష్టమిది. పాతబడిన విండోస్ ఎక్స్‌పీ యంత్రాలే ఇందుకు కారణమని అప్పట్లో విస్తృతంగా ప్రచారమైనది. అయితే తాము నమోదు చేసిన కేసులలో సుమారు 98 శాతం విండోస్ 7 యంత్రాలేనని కాస్పర్‌స్కై సంస్థ తరువాత తెలియజేసింది. విండోస్ 7కు మార్చి నాటికే ప్యాచ్ ఉన్నది. ఎక్స్‌పీకి మాత్రం దాడి మొదలైన తరువాత, మే 13న, మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చినది.

రెండు సంవత్సరాల అనంతరం, 2019లో, ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ కారణంగా నిలిచిపోయాయి. వాటిలో ఒకటైన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనే అప్పట్లో కృష్ణా జిల్లా కూడా ఉండేది. విజయవాడ కేంద్రంగా మధ్య ప్రాంత పంపిణీ సంస్థ ఏర్పడినది ఆ తరువాతే. బిల్లు చెల్లించబోయిన వినియోగదారునికి ఇటువంటి సంఘటనల తీవ్రత వెంటనే తెలుస్తుంది. కార్యాలయంలో మూల పెట్టిన పాత సర్వరు విషయంలో అది ఎవరికీ కనిపించదు.

సీవీఈ సంఖ్య అనగా నేమి

ప్రతి లోపానికీ ప్రపంచమంతటా ఒకే గుర్తింపు సంఖ్య ఉండవలెననే ఆలోచనతో అమెరికాకు చెందిన మైటర్ సంస్థ 1999లో సీవీఈ పట్టికను ప్రారంభించింది. తొలి పట్టికలో ఉన్న నమోదులు 321 మాత్రమే. 2024 ఒక్క సంవత్సరంలోనే 40,000కు పైగా కొత్త నమోదులు జరిగాయి. వాన్నాక్రై వాడుకొన్న లోపం సంఖ్య సీవీఈ-2017-0144. ఇందులో మధ్య భాగం సంఖ్యను కేటాయించిన లేదా లోపాన్ని వెల్లడించిన సంవత్సరాన్ని తెలుపుతుందే గాని, లోపం ఆ సంవత్సరంలో పుట్టినదని అర్థం కాదు. చివరి అంకెలు వరుస సంఖ్య మాత్రమే, తీవ్రతకు కొలమానం కావు. ఈ సంఖ్యలను కేటాయించే అధికారం సాఫ్ట్‌వేర్ సంస్థలు సహా అనేక సంస్థలకు ఇవ్వబడింది. 2021 నుండి సెర్ట్-ఇన్‌కు కూడా ఆ హోదా కలదు. కావున భారతీయ సంస్థల ఉత్పత్తులలోని లోపాలకు మన దేశంలోనే సంఖ్య పొందే వీలు ఏర్పడింది.

తీవ్రతను సీవీఎస్ఎస్ అనే ప్రమాణంతో సున్నా నుండి 10 వరకు లెక్కిస్తారు. 7 నుండి 8.9 వరకు హై, 9 ఆపైన క్రిటికల్ శ్రేణిగా పరిగణింపబడును. చాలా కార్యాలయాలలో 9 దాటిన వాటిని మాత్రమే చూచే అలవాటు ఉన్నది. ఇది సరైన పద్ధతి కాదు. అమెరికా జాతీయ లోపాల డేటాబేస్‌లో, సీవీఎస్ఎస్ మూడవ ప్రమాణం ప్రకారం, వాన్నాక్రై లోపం సైతం హై శ్రేణిలోనే ఉన్నది, క్రిటికల్‌లో లేదు. ఒక లోపం ఎంత హాని చేయగలదో సీవీఎస్ఎస్ చెప్పును. దానితో ఎవరైనా నిజంగా దాడి చేస్తున్నారా అనేది మరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు సమాధానంగా అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబరు నుండి, దాడులలో వాడుకొన్నట్లు రుజువైన లోపాలతో వేరొక జాబితాను నిర్వహిస్తున్నది. అందులోని గడువులు మన కార్యాలయాలకు వర్తించవు. అయినను జాబితా ఉచితంగా లభిస్తుంది, చిన్నది, రోజుకు పది నిమిషాలలో చూచుటకు వీలైనది. సిబ్బంది తక్కువగా ఉన్న కార్యాలయం మొదట దీనినే చూడడం మేలు.

ఒకే వనరుపై ఆధారపడడం కూడా క్షేమం కాదు. 2024 ఫిబ్రవరి నుండి అమెరికా డేటాబేస్‌లో లోపాల విశ్లేషణ మందగించి, వేల నమోదులు తీవ్రత అంకె లేకుండా మిగిలిపోయాయి. 2025 ఏప్రిల్‌లో సీవీఈ పట్టిక నిర్వహణకు నిధుల ఒప్పందం ముగియనున్న తరుణంలో చివరి ఘడియలో 11 నెలల పొడిగింపు లభించింది. అదే సంవత్సరం మే నెలలో ఐరోపా సమాఖ్య తన సొంత డేటాబేస్‌ను అందుబాటులోకి తెచ్చింది.

దేశంలో, రాష్ట్రంలో

సెర్ట్-ఇన్ 2004 జనవరి నుండి పనిచేస్తున్నది. సమాచార సాంకేతిక చట్టంలోని 70బి సెక్షన్ దీనికి చట్టబద్ధత కల్పించింది. ఈ సంస్థ జారీ చేసే పత్రాలలో ఒక్కొక్క లోపాన్ని గూర్చిన నోట్‌లు సీఐవీఎన్ అనే అక్షరాలతోను, విస్తృత హెచ్చరికలు సీఐఏడీ అనే అక్షరాలతోను, సంవత్సరం, వరుస సంఖ్యలతో ఉంటాయి. పత్రికలకు వార్త రాయునపుడు ఈ సంఖ్యను పేర్కొన్నచో చదివిన అధికారి మూలపత్రాన్ని వెంటనే వెదకుకొనగలడు. "కేంద్రం హెచ్చరిక" అని మాత్రమే రాసిన వార్త ఏ కార్యాలయానికీ పనికిరాదు. విద్యుత్తు, బ్యాంకింగ్, టెలికాం వంటి కీలక వ్యవస్థల రక్షణను 70ఎ సెక్షన్ క్రింద 2014లో ఏర్పాటైన జాతీయ కీలక సమాచార మౌలిక వసతుల రక్షణ కేంద్రం పర్యవేక్షిస్తున్నది. రాష్ట్ర స్థాయిలో 2017లో సైబర్ భద్రతా విధానం ప్రకటింపబడింది. ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్ సంస్థ ఆధ్వర్యంలో సైబర్ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్ ఏర్పాటైనది.

జాబితా లేనిదే హెచ్చరిక వ్యర్థం

హెచ్చరిక అందినంత మాత్రాన పని జరగదు. అందులో పేర్కొన్న సాఫ్ట్‌వేర్ తమ వద్ద ఉన్నదో లేదో కార్యాలయానికి తెలియవలెను. 2021 డిసెంబరులో వెల్లడైన లాగ్4జె లోపం, సంఖ్య సీవీఈ-2021-44228, తీవ్రత పదికి పది, ఈ విషయాన్ని స్పష్టం చేసింది. లాగ్4జె అనేది విడిగా కొనుగోలు చేసే వస్తువు కాదు. ఇతర సాఫ్ట్‌వేర్‌ల లోపల ఒక చిన్న భాగంగా ఇమిడి ఉండును. అందువలన అది తమ సర్వర్లలో ఉన్నదని అనేక సంస్థలకు తెలియనే తెలియదు. ఈ అనుభవం తరువాత, సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలు కలవో తెలిపే పట్టికను సరఫరాదారుల నుండి కోరే పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఇందుకు సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. టెండరు నిబంధనలు రాసే దశలోనే ఈ పట్టికను కోరవలెను. యంత్రాలు వచ్చి బిల్లు చెల్లించిన పిమ్మట అడిగిన ఇచ్చేవారు అరుదు.

స్టాక్ రిజిస్టరులో కంప్యూటర్ల సంఖ్య, కొనుగోలు ధర రాసి ఉంటాయి. లోపాలను గమనించుటకు కావలసినవి వేరు: ఆపరేటింగ్ సిస్టం పేరు, దాని వెర్షన్, చివరిసారి అప్‌డేట్ చేసిన తేదీ, ఆ యంత్రం ఇంటర్నెట్‌కు నేరుగా కలిసి ఉన్నదా లేదా, దాని బాధ్యుడెవరు. గ్రామ, వార్డు సచివాలయం మొదలు కలెక్టరేట్ వరకు ఈ ఐదు వివరాలతో పట్టిక ఉన్నచో, హెచ్చరిక వచ్చిన నాడే వర్తించునో లేదో తేల్చవచ్చును. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా విభజన జరిగి ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినపుడు కార్యాలయాలతో పాటు యంత్రాలూ పంపకమయ్యాయి. పాత పట్టికలను ఆధారం చేసుకొనేవారు ఏ యంత్రం ఏ జిల్లాకు చేరినదో సరిచూసుకొనవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, ఆ యంత్రాలను విడిగా గుర్తించడం కూడా అవసరం.

మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండవ మంగళవారం విడుదలవుతాయి. మన వేళల ప్రకారం అది రాత్రి పొద్దుపోయిన సమయం. కావున బుధవారం ఉదయం పరిశీలనకు కేటాయించడం సౌకర్యంగా ఉండును. ఒరాకిల్ సంస్థవి మూడు నెలలకొకసారి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మాసాలలో వస్తాయి.

పరికరాల సంగతి

కంప్యూటరు తెరపై అప్‌డేట్ చేయమని సూచన కనిపిస్తుంది. రౌటరు, సీసీ కెమెరా, బయోమెట్రిక్ యంత్రం అటువంటి సూచన ఏదీ చేయవు. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెంలపై జరిగిన దాడిలో దేశంలో సుమారు 60,000 మోడెంలు పనిచేయకుండా పోయాయి. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడమే ఆ దాడికి దారి ఇచ్చింది. దీనికి ప్యాచ్‌తో పని లేదు, పాస్‌వర్డ్ మార్చిన చాలును. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాల నాటి నుండి విజయవాడలో సీసీ కెమెరాల వినియోగం బాగా పెరిగింది. అపార్టుమెంట్లు, దుకాణాల వారు పెట్టుకొన్నవి అదనం. హిక్‌విజన్ తయారీ కెమెరాలలో 2021 సెప్టెంబరులో వెల్లడైన సీవీఈ-2021-36260 లోపం తీవ్రత 9.8. పాస్‌వర్డ్ తెలియకపోయినా కెమెరాను స్వాధీనం చేసుకొనే వీలు కల్పించే లోపమిది. దేశంలో విక్రయించే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఇచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు గోడలకెక్కిన కెమెరాల బాధ్యత వాటి యజమానులదే.

మోటార్లు, గేట్లు, పంపుహౌస్‌ల వంటి వాటిని నడిపే నియంత్రణ వ్యవస్థలకు వచ్చిన ప్యాచ్‌ను వచ్చిన రోజే వేయుట సాధ్యం కాదు. నాట్ల కాలంలో కాలువకు నీరు వదిలిన తరువాత పంపును ఆపి సాఫ్ట్‌వేర్ మార్చమని ఏ ఇంజనీరూ అంగీకరించడు, అంగీకరించకూడదు కూడా. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టివేసి పూడికతీత, షట్టర్ల మరమ్మతులు చేపట్టే ఆనవాయితీ ఎటూ ఉన్నది. అప్‌డేట్ పనిని కూడా ఆ మరమ్మతుల జాబితాలోనే చేర్చవచ్చును. అంతవరకు ఆ పరికరాన్ని ఇంటర్నెట్ నుండి, కార్యాలయ నెట్‌వర్క్ నుండి వేరుచేసి ఉంచవలెను.

పాత్రికేయులకు

లోపం వెల్లడి కావడం, దాడి జరగడం, సమాచారం బయటకు పొక్కడం మూడూ వేర్వేరు. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు బహిరంగంగా కనిపించిన ఉదంతాన్ని కొందరు హ్యాకింగ్‌గా పేర్కొన్నారు. అక్కడ ఎవరూ తాళం పగులగొట్టలేదు, తలుపే తెరచి ఉన్నది. దాడిదారుని కొరకు వెదకుటకు, తలుపు మూయుటకు చేయవలసిన పనులు ఒకటి కావు గనుక ఈ తేడా ముఖ్యం. ప్రభుత్వ వెబ్‌సైటులో లోపం ఉన్నదని ఎవరైనా తెలిపినచో, ఆ సమాచారాన్ని మొదట సెర్ట్-ఇన్‌కు చేర్చి, సరిదిద్దిన పిమ్మట వివరాలు ప్రచురించుట ఉచితం. లోపం నిజమో కాదో స్వయంగా ప్రయత్నించి చూడరాదు. అనుమతి లేని ప్రవేశం సమాచార సాంకేతిక చట్టం క్రింద నేరం కాగలదు.

సైబర్ సంఘటన జరిగినట్లు గుర్తించిన ఆరు గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయవలెనని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు నిర్దేశిస్తున్నవి. ఇవి ప్రభుత్వ సంస్థలకు, ప్రైవేటు కంపెనీలకు సమానంగా వర్తిస్తాయి. సర్వర్ల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచవలసి ఉండును. సెర్ట్-ఇన్ ఉచిత టెలిఫోన్ నంబరు 1800-11-4949. ఆర్థిక మోసాలకు గురైన పౌరులు మాత్రం 1930 నంబరుకు ఫోన్ చేయవలెను.