వానకాలంలో పొలానికి గమ్ బూట్లు: ఎలాంటివి కొనాలి?

రాత్రిపూట నీళ్లు కట్టడానికి, తెల్లవారకముందే గట్లు చూడటానికి వెళ్లే రైతుకు పాముకాటు ముప్పు ఎక్కువ. కాటు చాలావరకు పాదం మీద, చీలమండ దగ్గర, పిక్క కింద పడుతుంది. రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, దానిమీద కాలు పడితే కరుస్తుంది. మోకాలి కింది వరకు వచ్చే గమ్ బూటు సరిగ్గా ఈ భాగాన్నే కప్పుతుంది. నిలవ నీటిలో కలిసిన ఎలుక మూత్రం కాలి పగుళ్లకు, పుండ్లకు తగిలితే ఎలుక జ్వరం వస్తుంది. ఆ ముప్పు కూడా బూటుతో తగ్గుతుంది. బూట్లున్నా టార్చిలైటు, చేతికర్ర మాత్రం మానవద్దు.

దమ్ము చేసిన మడిలో నాట్లకు మామూలు గమ్ బూటు పనికిరాదు. కాలు పైకి వస్తుంది, బూటు బురదలోనే ఉండిపోతుంది. జపాన్‌లో నాట్లకు పలచని రబ్బరుతో, కాలికి అతుక్కుని ఉండే వేరే రకం బూట్లు వాడతారు. మన దుకాణాల్లో దొరికేవి గట్ల మీద నడకకు, నీళ్లు కట్టడానికి, ఆరుతడి చేలో పనికి, మందు పిచికారీకి. ఆ పనుల కోసమే కొనండి.

పీవీసీ బూట్లు చవక. ఎండలో వదిలేస్తే బిరుసెక్కి, మడత పడేచోట పగులుతాయి. రబ్బరు మెత్తగా వంగుతుంది, రోజంతా తిరిగేవారికి ఇదే సుఖం. కాని డీజిల్, నూనె తగిలితే పాడవుతుంది. చిరిగిన రబ్బరు బూటుకు సైకిల్ ట్యూబు ప్యాచీ వేసుకోవచ్చు, పీవీసీకి ఆ సొల్యూషన్ అతకదు. పీవీసీకి ఐఎస్ 12254, రబ్బరుకు ఐఎస్ 5557 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి. అడుగున గాళ్లు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గరగా ఉంటే నల్లరేగడి మట్టి ఇరుక్కుని అడుగు నున్నగా మారుతుంది, గట్టు మీద జారుతారు.

అన్నిటికన్నా ముఖ్యం సైజు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, సాక్సులు వేసుకుని తొడిగి చూడండి. వేళ్లు ముందుకు తాకేలా పాదం జరిపితే మడమ వెనుక ఒక వేలు దూరాలి. దుకాణంలోనే పది అడుగులు నడవండి, మడమ లేస్తుంటే వద్దు. ఇంట్లో మగవాళ్ల బూట్లే ఆడవాళ్లు వేసుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. పాదం లోపల జారి బొబ్బలెక్కుతాయి, గట్టు మీద పడిపోతారు. 4, 5 సైజులు ఊళ్లో దొరక్కపోతే దుకాణదారుతో చెప్పి తెప్పించుకోండి, ఖర్చుకు వెనకాడవద్దు. మధుమేహం ఉన్నవారికి బొబ్బ నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి బూటు తీయగానే పాదాలు కళ్లతో చూసుకోవాలి.

మందు కొట్టేటప్పుడు ప్యాంటు బూటు లోపలికి దోపవద్దు, పైన వదలండి. లేకపోతే కారిన మందంతా బూటులోకి దిగుతుంది. పని అయ్యాక బూట్లను బయటే కడగండి.

బూట్లున్నాయి కదా అని తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టవద్దు. మామూలు గమ్ బూటును కరెంటుకు రక్షణగా లెక్కపెట్టకూడదు, చిన్న చిల్లున్నా లోపల తడే. కాలువలో నీరు బూటు అంచు దాటేలా ఉంటే దిగవద్దు. నీళ్లు నిండిన బూటుతో కాలు తీయడం కష్టం.

బురదలో ఇరుక్కుంటే నేరుగా పైకి లాగకుండా ముందు మడమ ఎత్తి, అటూ ఇటూ కదిపితే గాలి దూరి వదులవుతుంది. ఇంటికి రాగానే కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టండి, పొయ్యి దగ్గర పెట్టవద్దు. రెండు జతల సాక్సులుంటే రోజూ పొడివి వేసుకోవచ్చు, వేళ్ల సందులు నానవు. పొద్దున తొడిగే ముందు బూటు తిరగేసి దులపండి, తేళ్లు చీకట్లో అందులోనే దూరుతాయి.