పొణికి కరవై.. కొండపల్లి కొయ్యబొమ్మ బరువై

మార్కాపురం: రాతిపలకలకు మార్కాపురం ఎలాగో, రంగుల కొయ్యబొమ్మలకు కొండపల్లి అలాగ. బడిపిల్లల చేతిలో పలక వాడకం తగ్గినప్పుడు చేతిపని ఎంతగా చితికిపోతుందో పశ్చిమ ప్రకాశం వాసులకు తెలియనిది కాదు. కొండపల్లి కష్టం కొంత వేరు. అక్కడ బొమ్మకు దేశవ్యాప్తంగా పేరుంది. పని తెలిసిన చేతులూ ఉన్నాయి. బొమ్మకు ప్రాణమైన కర్రే కొరవడుతోంది.

ఒక్క కర్రే ఆధారం

ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడకు సమీపాన ఉన్న కొండపల్లిలో ఈ కళను ఆర్యక్షత్రియ కుటుంబాలు తరతరాలుగా కాపాడుతూ వచ్చాయి. వీరి పూర్వికులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వలస వచ్చారని ప్రతీతి. బొమ్మలకు వాడేది తెల్ల పొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగడం దీని ప్రత్యేకత. తెలంగాణలోని నిర్మల్ కొయ్యబొమ్మలకూ ఈ కర్రే ఆధారం.

తయారీ ఇలా..

కర్రను ఆరబెట్టి, ముక్కలుగా కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. కాళ్లు, చేతులు, తొండం వంటి భాగాలను విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపై సున్నం పూత పూసి, సన్నని కుంచెలతో రంగులు అద్దుతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి ఇలా రూపుదిద్దుకున్నవే.

పేరుకు రక్షణ.. చెట్టుకేదీ?

కొండపల్లి బొమ్మకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇతర ప్రాంతాల బొమ్మలను ఆ పేరుతో అమ్మకుండా ఇది అడ్డుకుంటుంది. కర్రను మాత్రం సమకూర్చదు. పొణికి చెట్టు కొండల్లో సహజంగా పెరుగుతుంది. నాటిన మొక్క కోతకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇళ్ల నిర్మాణానికి పనికిరాని మెత్తని కలప కావడంతో రైతులు దీని పెంపకంపై ఆసక్తి చూపరు. అడవిలో నరకాలంటే అటవీ నిబంధనలు అడ్డు. కర్ర ధర పెరిగినకొద్దీ చేతికి మిగిలే కూలి తగ్గుతోంది. మరోవైపు యంత్రాలపై తయారయ్యే ప్లాస్టిక్ బొమ్మలతో ధరలో పోటీపడలేని స్థితి. దీంతో యువతరం ఇతర ఉపాధి మార్గాలు వెతుక్కుంటోంది.

కళాకారులకు శిక్షణ, ప్రదర్శనల్లో అమ్మకపు వసతి అవసరమే. అయితే బంజరు భూముల్లో, కొండవాలుల్లో పొణికి మొక్కలు నాటి, పెరిగిన కలపను సరసమైన ధరకు అందించినప్పుడే తండ్రి ఉలిని కొడుకు అందుకునేందుకు ఆస్కారం ఉంటుంది.