రూబికాన్ దాటుట

వెనుకకు మరలరాని నిర్ణయమును ఎవరైన చేసినప్పుడు ‘రూబికాన్ దాటినాడు’ అని ఇంగ్లీషు పత్రికలు వ్రాయుట మనము చూచుచుందుము. ఆ పేరు వినగానే మన గోదావరి వంటి మహానది యొకటి మనస్సున మెదలును. నిజమునకు రూబికాన్ ఉత్తర ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్రమున కలియు చిన్న ఏరు. దాని గొప్ప నీటిలో లేదు, హద్దులో ఉన్నది.

ఏటికి ఉత్తరమున నున్న గాల్ సీమకు జూలియస్ సీజరు పాలకుడు. దక్షిణమున నున్నది రోము నేరుగా ఏలుకొను ఇటలీ. పరరాష్ట్రపాలకు డెవ్వడును సేనతో ఆ హద్దు దాటరాదు. క్రీ.పూ. 49 జనవరిలో, సేనను విడిచిపెట్టవలసినదని సెనేటు సభ సీజరును ఆదేశించెను. విడిచినచో శత్రువులు తన్ను న్యాయస్థానమున కీడ్తురని అతని భయము, విడువకున్న దేశద్రోహము. 13వ దళము నొక్కదానిని వెంటగొని వచ్చిన సీజరు ఏటి యొడ్డున తటపటాయించెననియు, పిదప ‘పాచిక’ మాట పలికి దాటెననియు ప్లూటార్కు, సుయెటోనియసు వ్రాసిరి. సీజరు స్వయముగ రచించిన అంతర్యుద్ధ చరిత్రలో మాత్రము ఈ ఏటి పేరే లేదు.

ఆ పాచిక మాట విషయమున మనము పొరబడరాదు. తెలుగున ‘పాచిక పారినది’ అన్నచో పన్నుగడ ఫలించినదని అర్థము. సీజరు మాటకు ఆ భావము లేదు. పాచిక చేతిని విడిచినది. ఏ పందెము పడునో ఇంకను తెలియదు. విడిచిన పాచికను మరల పట్టలేము, అంతియే.

పందెము ఎట్లు పడినది? సీజరు ప్రత్యర్థి పాంపే రోమును వీడి పోయెను, క్రీ.పూ. 48లో ఫార్సాలస్ యుద్ధమున ఓడి, ఈజిప్టులో హతుడయ్యెను. గెలిచిన సీజరు క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటు సమావేశముననే కత్తిపోట్లకు గురియయ్యెను. క్రీ.పూ. 27 నాటికి రోము గణతంత్రము పేరునకే మిగిలి, అధికారమంతయు అగస్టసు చేతి కందెను. ఒడ్డున నిలిచి దాటుటయా మానుటయా అని ఆలోచించినవాడు ఒక్కడు. ఫలము ననుభవించినది ఒక రాజ్యమంతయు.

ప్రాచీనుల రూబికాన్ ఏ వాగో కాలక్రమమున జనులు మరచిరి. అనేక వాదములు జరిగిన పిమ్మట, 1933లో ఇటలీ ప్రభుత్వము ఒక చిన్న నదికి ఆ పేరు నిర్ణయించినది. ఏరు మరుగుపడినను మాట నిలిచినది. మన జీవితములలోను ఇట్టి ఏళ్లు కలవు. అవి చిన్నవిగనే కనిపించును. దాటుట సులభమా యని గాక, దాటిన పిదప ఎవరెవరు ఆ ఫలము ననుభవింతురో ఒడ్డుననే తలచుకొనుట మంచిది.