పడవ లాగిన గట్టు మీద సైకిలు బాట

బేసిన్ బ్రిడ్జి దాటి ఉత్తరంగా వెళ్తే వాషర్‌మెన్‌పేట్‌కీ వ్యాసర్‌పాడికీ నడుమ ఒక నల్లటి కాలువ కనిపిస్తుంది. వంతెన మీద ముక్కు మూసుకుని పోయే జనానికి అది మురుగు కాలువ. సర్కారు దస్తరాల్లో దాని పేరు బకింగ్‌హామ్ కాలువ. దాని గట్టే పట్టుకుని పోతే కొరుక్కుపేట, ఎన్నూరు, పులికాట్ సరస్సు, కృష్ణపట్నం, కొత్తపట్నం దాటుకుంటూ కృష్ణా డెల్టా అంచున ఉన్న పెదగంజాం చేరతాం. 315 కిలోమీటర్లు. ఎక్కడా ఎత్తు ఎక్కనక్కర్లేదు, బండ్లకి దారి ఇవ్వనక్కర్లేదు. పడవల కాలంలో అదంతా మనుషులు నడిచిన మట్టి బాట.

ఫ్రాన్సు వెళ్ళి అక్కడి కాలువల వెంట, పల్లెల మధ్య, కార్లు రాని కంకర బాటల మీద సైకిలు తొక్కి వచ్చినవాళ్ళు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. ఫొటోలు చూపించి, ఇలాంటివి మనకెక్కడ దొరుకుతాయి అంటారు. దొరికేది. వాషర్‌మెన్‌పేట్ వీధి చివరే మొదలయ్యేది. అక్కడి బాటలు, ఇక్కడి బాట పుట్టింది ఒకే అవసరం కోసం. తర్వాతే దారులు వేరయ్యాయి.

ఆ అవసరం పడవ లాగడం. ఇంజన్లు లేని రోజుల్లో గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లోతు తక్కువైతే గెడ వేసేవారు. రెండూ కుదరనప్పుడు గట్టు మీద దిగి తాడుతో లాగాల్సిందే. తాడుని పడవ ముక్కుకి కడితే గట్టు మీది తుప్పలకి తగులుకుంటుంది, అందుకని తెరచాప స్తంభానికి ఎత్తున కట్టేవారు. రెండో కొస భుజానికి వేసుకుని ముందుకు వంగి నడవాలి. నిలిచి ఉన్న పడవని కదిలించడానికే అసలు బలం కావాలి, కదిలాక ఆ నడకని తెగనివ్వకూడదు. తాడు గట్టువైపు లాగుతూనే ఉంటుంది కాబట్టి పడవ ఒడ్డుకి ఒరుసుకోకుండా చుక్కాని పట్టినవాడు దాన్ని నీటి నడుమకి తిప్పుకుంటూ ఉండాలి. ఈ పని సాగాలంటే బాటకీ నీటికీ మధ్య చెట్టు ఉండకూడదు. పిల్లకాలువ అడ్డొచ్చినచోట చిన్న వంతెన ఉండాలి. పెద్ద వంతెన వస్తే దాని కింద కూడా అడుగు వేసే చోటు మిగలాలి. ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగే బాట కావాలి. సైకిలు తొక్కేవాడు కోరుకునేదీ అదే.

ఫ్రాన్సులో ఆ తాడు ఎక్కువగా గుర్రాల మెడకి పడింది. పియెర్ పాల్ రికె అనే ఉప్పు పన్ను అధికారి తన సొమ్ము కూడా ధారపోసి 1666లో తవ్వకం మొదలుపెట్టిన మిడీ కాలువ, తులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్లు. 1681లో అది తెరిచేనాటికి ఆయన బతికి లేడు. బ్రిటిష్ నౌకలు తీరాన్ని దిగ్బంధించిన రోజుల్లో నెపోలియన్ ప్రభుత్వం 1811లో మొదలుపెట్టిన నాంత్–బ్రెస్త్ కాలువ 364 కిలోమీటర్లు. రెండింటికీ పక్కనే లాగుడు బాట ఉంది.

మద్రాసులో కథ 1801లో మొదలవుతుంది. బాసిల్ కాక్రేన్ అనే వర్తకుడు పట్టణం నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వడానికి పూనుకున్నాడు. 1806కి అది పడవలకి సిద్ధమైంది. మొదట దాన్ని కాక్రేన్ కాలువ అనేవారు. ఆ కాలానికే వాషర్‌మెన్‌పేట్ కుంపిణీ బట్టని ఉతికి, చలువ చేసి ఇచ్చే పేట. నేతగాళ్ళు, చాకళ్ళు, బట్టల వర్తకులు ఇక్కడ చేరారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. జస్టిస్ పార్టీని నిలబెట్టిన పిట్టి త్యాగరాయ శెట్టి ఈ నేత వర్తకపు లోకం నుంచి వచ్చినవాడే. పాత వాషర్‌మెన్‌పేట్‌లోని కళాశాలకీ దాని ముందున్న మెట్రో స్టేషనుకీ ఆయన పేరే ఉంది.

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకి బయలుదేరి మొదట చేరుకున్న మజిలీ ఈ పక్కనే ఉన్న తండయార్‌పేట. అప్పటికి కాలువ వచ్చి ఇరవై నాలుగేళ్ళు. ఆయన మాత్రం పల్లకీలో, మెట్టదారుల మీద వెళ్ళాడు. ఏ మజిలీకి ఎలాంటి దారి, ఎక్కడ ఇసుక, ఎక్కడ రాళ్ళు, ఎక్కడ అడుసు అని ఓపికగా రాసుకుంటూ పోయాడు. దారి నేల గురించి అంత శ్రద్ధగా రాసిన తెలుగువాడు మళ్ళీ రాలేదని నా నమ్మకం. గ్రావెల్ సైక్లింగ్ చేసేవాళ్ళంతా ఆయన కాశీయాత్ర పుస్తకం ఒకసారి తిరగెయ్యాలి.

1837లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి నుంచి ముక్క ముక్కగా ఉత్తరానికి పులికాట్ దాటి నెల్లూరు, ఒంగోలు తీరాల వెంట పెదగంజాం వరకూ, దక్షిణానికి మరక్కాణం వరకూ సాగింది. పెదగంజాంలో ఇది కృష్ణా పడమటి డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువని కలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకి నీళ్ళూ ఇచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. రైళ్ళకన్నా పడవల కాలువలే ఈ దేశానికి మేలని ఆర్థర్ కాటన్ జీవితాంతం వాదించాడు. లాకుల దగ్గర ఆగి తలుపులు తెరిపించుకుంటూ, కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే వచ్చే వీలు అలా కలిగింది.

మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క మాత్రం మిగిలిపోయింది. దాన్ని తవ్వింది 1876–78 ధాత కరువులో కూలికి వచ్చిన జనం. లక్షలమంది చచ్చిపోయిన ఆ కరువులో, గంజి కోసం మట్టి మోసినవాళ్ళ చేతుల మీద ఆ కాలువ, దాని గట్టు పూర్తయ్యాయి. పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుది పెట్టారు.

ఈ కాలువ మీద బేసిన్ బ్రిడ్జికి వచ్చిన సరుకు చూస్తే నగరం ఏం తిని, ఏం కాల్చి బతికిందో తెలుస్తుంది. శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు, తీరం వెంట ఉప్పు కొఠార్ల నుంచి ఉప్పు, సున్నానికి గవ్వలు, నెల్లూరు నుంచి బియ్యం. సాల్ట్ కొటార్స్ అని ఇక్కడి రైల్వే గూడ్సు యార్డుకి నేటికీ ఉన్న పేరు ఆ ఉప్పు గిడ్డంగులదే. ఫ్రాన్సులో గుర్రం లాగిన బరువు ఇక్కడ ఎక్కువగా మనిషే లాగాడు. పుదుచ్చేరి కవి భారతీదాసన్ ఈ కాలువ మీద మహాబలిపురం వెళ్ళి రాసిన కవిత ఒకటుంది. పడవవాళ్ళ ఆ చాకిరీ చూసి కదిలిపోయి రాసింది. గట్టు బాట అందాన్ని మెచ్చుకునే ముందు, దాన్ని తొక్కి తొక్కి గట్టిపరిచిన ఆ పాదాల్ని తలుచుకోవాలి.

బెజవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో పూర్తయ్యాక పడవల గిరాకీ మెల్లగా సన్నగిల్లింది. తర్వాత లారీలు వచ్చాయి. 1949లో అంబత్తూరులో టీఐ సైకిల్స్ కర్మాగారం పెట్టేనాటికి కాలువలో పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సైకిలూ గట్టూ కలుసుకోగలిగిన కాలం అదొక్కటే. ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. 1965–66, 1976 తుపానులు లాకుల్నీ గట్లనీ దెబ్బతీశాయి, మరమ్మతు జరగలేదు. నగరం లోపల మురుగు వదిలారు. 1990లలో చేపాక్కం నుంచి మైలాపూరు వైపు ఎత్తు రైలు వేసినప్పుడు స్తంభాలు కాలువలోనే దిగాయి. ఉత్తరాన మణలి పరిశ్రమల పక్కన నీళ్ళలో నూనె తేలింది. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకి ఆ నూనె ఈ కాలువ గుండానే ఎన్నూరు క్రీకులోకి పారి జాలరుల వలల్నీ పడవల్నీ నల్లగా చేసింది.

ఫ్రాన్సులోనూ సరుకు పడవలు పోయాయి. కాలువల్ని పూడ్చెయ్యమన్నవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ లాగుడు బాట ప్రభుత్వ భూమిగానే మిగిలింది, అదే వాళ్ళని కాపాడింది. చాలాకాలం ఆ బాట మీద సైకిలు తొక్కాలంటే అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. 1997లో బుర్గుండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలుకట్టని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఇచ్చి చూశారు, జనం విరగబడి వచ్చారు. 2004లో మోటారు లేని రాకపోకలకి మాత్రమే వదిలిన 'హరిత మార్గం' అనే తరగతిని రోడ్డు నియమావళిలోనే చేర్చారు. నాంత్–బ్రెస్త్ కాలువ గట్టు ఇప్పుడు దూరప్రయాణపు సైకిలు మార్గం. నడుమ గెర్లెదాన్ జలాశయం కట్టినప్పుడు కొన్ని లాకులు మునిగి కాలువ రెండు ముక్కలైతే, సైకిళ్ళకి చుట్టుదారి చూపించారు.

బాట వెయ్యడం పెద్ద విద్య కాదు. కింద ముతక కంకర, పైన సున్నపురాయి సన్న కంకర పొడితో సహా పరిచి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పుతారు. వాన నిలవకుండా కొద్దిగా వాలు ఇస్తారు. తారు అక్కర్లేదు. మన పంచాయతీలు ఎర్ర గ్రావెల్‌తో పొలందారులు వేసే పనికీ దీనికీ తేడా చాలా తక్కువ.

ఇక మన సంగతి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు, సౌర ఫలకాల కప్పుతో, 2023 అక్టోబరులో తెరిచారు. మంచి పనే, జనం వాడుతున్నారు. అయినా అది పెద్ద రోడ్డు రొద పక్కనే. ఊళ్ళ మధ్య నుంచి, కొబ్బరితోటల నీడన, ఉప్పుమడుల అంచున సాగే దారి కావాలంటే కాలువగట్టే గతి. బకింగ్‌హామ్ కాలువలో 257 కిలోమీటర్లు ఆంధ్రలోనే ఉంది. శ్రీహరికోట దగ్గర రాకెట్ కేంద్రం ఉంది కాబట్టి అక్కడ గట్టు మీద పోవడం కుదరదు. సూళ్ళూరుపేట వైపు తిరిగి, సరస్సుకి పడమరగా వెళ్ళాలి. గెర్లెదాన్‌లో చేసింది ఇక్కడా చెయ్యొచ్చు. వాషర్‌మెన్‌పేట్ ముక్క అన్నిటికన్నా కష్టం. గట్టు మీద తరాలుగా ఇళ్ళున్నాయి. సుందరీకరణ పేరు చెప్పి ఆ కుటుంబాల్ని నగరం చివరికి తోలెయ్యడం చెన్నైలో ఇప్పటికే జరిగింది. అలా ఖాళీ చేయించి వేసిన బాట నాకు వద్దు. ముందు మురుగు ఆపాలి. బాటని ఎన్నూరు అవతల నుంచి మొదలుపెట్టినా సరే.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువల్ని జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. పూడిక తీత, లాకుల మరమ్మతు అంచనాలు ఎప్పుడు కాయితం మీదకి వచ్చినా అందులో పడవ ఉంటుంది, గట్టు ఉండదు. 2004 సునామీలో అలల ఉరవడిని ఈ కాలువ కొంతవరకూ తనలోకి తీసుకుని తీరపు ఊళ్ళకి ఆసరా అయిందని నిపుణులు చెప్పాక కూడా గట్టు సంగతి ఎవరికీ పట్టలేదు. రొయ్యల చెరువులకీ రోడ్డు వెడల్పులకీ అది ఏడాదికేడాది కరుగుతోంది.

తీరప్రాంతపు పాఠకులకి నా విన్నపం ఒక్కటే. మీ ఊరి పక్కన కాలువ ఉంటే, గట్టు ప్రభుత్వ భూమి హద్దులు ఎక్కడున్నాయో రెవెన్యూ పటంలో చూడండి, సర్వే రాళ్ళు వేయించమని గ్రామసభలో అడగండి. పూడిక తీసిన మట్టిని గట్టు మీదే పరిచి, నాలుగు మీటర్ల వెడల్పున నడకకీ సైకిలుకీ మాత్రమే వదలమని అర్జీలో రాయండి. కంకర తర్వాతైనా వెయ్యొచ్చు, పోయిన గట్టుని మళ్ళీ కొనలేం.