గాలించినవాళ్ల అడుగుల్లోనే బంగారం

బంగారం కోసం ఎక్కడ వెతకాలి? కోలారు, హట్టి, రామగిరి, జొన్నగిరి... ఏ గని చరిత్ర తిరగేసినా సమాధానం ఒక్కటే. మనకన్నా ముందువాళ్లు ఎక్కడ తవ్వారో అక్కడ!

బియ్యంలో రాళ్లుంటే అమ్మ ఏం చేస్తుంది? గిన్నెలో నీళ్లు పోసి, అటూ ఇటూ ఊపుతూ, నీళ్లతో పాటు బియ్యాన్ని మెల్లగా పక్క గిన్నెలోకి వంచుతుంది. బరువైన రాళ్లు అడుగున మిగిలిపోతాయి. దాన్నే గాలించడం అంటాం. పోయిన వస్తువు కోసం ఇల్లంతా వెతికినా 'గాలించాం' అనే అంటాం. బంగారం వేటలో ఈ రెండర్థాలూ ఒకటే. వాగు ఒడ్డున పళ్లెంలో మట్టి పోసి, నీళ్లలో ముంచి తిప్పుతుంటే తేలికైన ఇసుక జారిపోతుంది. చివరకు అడుగున చిటికెడు నల్ల ఇసుక మిగులుతుంది. అదృష్టం బాగుంటే దాని అంచున ఓ పసుపు నలుసు మెరుస్తుంది. పలుగురాయి నీటికన్నా రెండున్నర రెట్లకు పైగా బరువుంటే, బంగారం 19 రెట్లు బరువు. బియ్యం విషయంలో జారిపోయినదాన్ని దాచుకుంటాం, బంగారం విషయంలో అడుగున మిగిలినదాన్ని. మణికట్టు తిప్పే నేర్పు మాత్రం ఒకటే.

దక్షిణాదిలో ఆ నేర్పు ఎన్ని వందల ఏళ్లుగా ఉందో చెప్పలేం. ఇంజినీర్లు, కంపెనీలు, ఆవిరి యంత్రాలు వచ్చింది మాత్రం ఆ తర్వాతే.

వారెన్ చూసిన కోలారు

1799లో టిప్పు సుల్తాన్ మరణం తర్వాత మైసూరు సరిహద్దులను కొత్తగా గీయాల్సి వచ్చింది. ఆ సర్వే పనిమీద 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ కోలారు తూర్పు ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకోవడం విన్నాడు. చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరిగాం అనే ఊరి జనం బండ్ల మీద మట్టి తెచ్చి అతని కళ్ల ముందే గాలించి బంగారు పొడి చూపించారు. అతని లెక్క ప్రకారం సుమారు 56 కిలోల మట్టికి ఒక్క గ్రెయిన్, అంటే 65 మిల్లీగ్రాముల బంగారం.

దగ్గర్లోని మారికుప్పంలో అతను మరో దృశ్యం చూశాడు. మగవాళ్లు పాత గోతుల్లోకి దిగి రాయి పగలగొట్టి, గంపల్లో చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తున్నారు. పైన ఆడవాళ్లు ఆ రాయిని బండమీద పొడిగా దంచి, నీళ్లలో గాలిస్తున్నారు. తవ్వడం, దంచడం, గాలించడం. తర్వాత వందేళ్లకు భారీ యంత్రాలు చేసిన పని కూడా ఈ మూడే. వారెన్ పేరు చరిత్రలో మిగిలింది. అతనికి బంగారం చూపించిన ఆ చేతుల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

వారెన్ రాసిన వివరాలు దాదాపు 70 ఏళ్లు పెద్దగా ఫలితం ఇవ్వలేదు. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి బెంగళూరులో స్థిరపడిన ఐరిష్ సైనికుడు మైఖేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ 1871లో వాటిని చదివాడు. ఎడ్లబండి కట్టుకుని కోలారు వెళ్లి పాత గోతులన్నీ చూసొచ్చాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. 1875లో తవ్వకానికి అనుమతి దక్కింది కానీ, ఆ పనికి సరిపడా డబ్బు అతని దగ్గర లేదు. హక్కులు చేతులు మారాయి. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. అప్పటికీ పైపైన తవ్వితే ఫలితం లేదు. మూటాముల్లె సర్దుకునే దశలో, పాతవాళ్ల గోతుల కిందకు ఇంకా లోతుగా దిగాక అసలు పొర తగిలింది. అదే ప్రపంచ ప్రసిద్ధి పొందిన చాంపియన్ రీఫ్.

అక్కణ్నుంచి కోలారు కథ పరుగందుకుంది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు మించేది. పైనున్న కొండంత బరువుకు రాతిగోడలు ఉన్నట్టుండి పేలిపోయేవి. ఆ చీకట్లోకి దిగినవాళ్లలో తమిళ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ లెక్కలేనన్ని.

120 ఏళ్లలో ఆ గనులు 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చాయి. తొలినాళ్లలో టన్ను రాయికి పదుల గ్రాములు పడిన బంగారం, చివరికొచ్చేసరికి 3 గ్రాములకు అటూఇటూగా పడిపోయింది. అంటే పూర్తిగా రాబట్టినా, ఒక్క కాసు బంగారానికి రెండున్నర టన్నులకు పైగా రాయి తవ్వి, పొడి చేయాలి. 2001 ఫిబ్రవరి 28న, ఆ గనులు నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. బంగారం తీసేసిన పొడి అక్కడ గుట్టలుగా పడి ఉంది. స్థానికులు వాటిని సయనైడ్ దిబ్బలంటారు. గనిలోకి దిగినవాళ్ల పిల్లలు ఇప్పుడు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పనులకు వెళ్లొస్తున్నారు.

తెలుగు నేలమీద ఆనవాళ్లు

కోలారు బంగారాన్ని మోసే, షిస్ట్ అనే పొరల శిలల పట్టీ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగుతుంది. దానికి రాష్ట్రాల హద్దులు తెలియవు. అదే పట్టీ చిత్తూరు జిల్లాలోకి వచ్చి, కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం గనులుగా కనిపిస్తుంది. కోలారు మూతపడినప్పుడే అక్కడి పనులూ ఆగిపోయాయి. అనంతపురం ప్రాంతంలోని రామగిరిది మరో పట్టీ. అక్కడా ముందు పాత గోతులు కనిపించాయి. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఒకసారి, స్వాతంత్ర్యం తర్వాత మరోసారి ఆ గోతుల వెంటే గనులు తవ్వారు.

తెలుగు నేల పొరుగున, పూర్వపు నిజాం రాజ్యంలోని రాయచూరు ప్రాంతం మరింత అబ్బురం. హట్టిలో ఆధునిక గని తవ్వుతుంటే, దాదాపు 600 అడుగుల లోతున ప్రాచీనుల తవ్వకాలు బయటపడ్డాయి. అక్కడ దొరికిన కొయ్య దుంగలు సుమారు 2 వేల ఏళ్ల నాటివని కార్బన్ పరీక్ష తేల్చింది. డైనమైట్ లేదు, పంపు లేదు. రాతిగోడకు మంట పెట్టి కాల్చి, పగుళ్లిచ్చాక ఉలితో రాల్చుకుంటూ వాళ్లు అంత లోతుకు వెళ్లారు. ఆ హట్టి గని నేటికీ బంగారం ఇస్తూనే ఉంది.

బంగారం కోసం తిరిగినవాళ్లకు ఇక్కడ చరిత్ర కూడా దొరికింది. 1915లో రాయచూరు జిల్లా మస్కి దగ్గర బంగారం జాడల కోసం వెతుకుతున్న గని ఇంజినీరు బీడన్ కంట ఒక శాసనం పడింది. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనం అది. కర్నూలు జిల్లాలో జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి అశోక శాసనాలను 1920ల చివర్లో వెలుగులోకి తెచ్చింది కూడా భూగర్భ శాస్త్రవేత్తే, పేరు అనూ ఘోష్. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితులు, మస్కి దగ్గరి కనకగిరి అని మరికొందరు అంటారు. ఏది నిజమైనా మౌర్య పాలకులు ఈ బంగారు నేలల దగ్గర శాసనాలు చెక్కించారన్నది కళ్లెదుట కనిపిస్తున్న సంగతి. తొలకరి పడగానే వజ్రాల కోసం జనం పొలాల్లో తిరిగే తుగ్గలి మండలంలోనే ఈ జొన్నగిరి ఉంది. ఇప్పుడక్కడ ప్రైవేటు రంగంలో బంగారు గని పనులు మొదలయ్యాయి.

నేల చెప్పే గుర్తులు

బంగారం జాడ పట్టాలంటే ముందు నేలను చదవాలి. నల్లగా, ఆకుపచ్చగా పొరలు దేలిన షిస్ట్ శిలలు, వాటిని చీల్చుకుంటూ సాగే పలుగురాతి చారలు, తుప్పు పట్టినట్టు ఎర్రబారిన రాయి మొదటి గుర్తులు. పాత గోతులు, వాటి పక్కన పొడిరాయి దిబ్బలు, బండల మీద దంచి దంచి పడిన గుంటలు అంతకన్నా బలమైన గుర్తులు.

మెరిసిందల్లా బంగారం కాదన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. కాకిబంగారం అని మనం పిలిచే అభ్రకం గోటితో గీస్తే రేకులుగా ఊడుతుంది. బంగారంలా మెరిసే పైరైట్ ఖనిజం సుత్తిదెబ్బకు పొడి అయిపోతుంది. అసలు బంగారం సాగుతుంది తప్ప పగలదు. ఊరి పేరు చూసి కూడా మోసపోకూడదు. కోలారు గనులకు రైలు మారే బంగారుపేట అసలు పేరు బౌరింగ్‌పేట. మైసూరు కమిషనర్ బౌరింగ్ పేరు మీద వెలిసిన ఊరది.

గుర్తులు కనిపించాయని ఎవరికి వారు పలుగు పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం అన్వేషణకైనా, తవ్వకానికైనా ప్రభుత్వ అనుమతి ఉండాల్సిందే. పాత గోతుల్లోకి దిగడం ప్రాణాలతో చెలగాటం కూడా. విషవాయువు, నీరు, కూలే గోడలు వాటిలో పొంచి ఉంటాయి.

అయినా మనం చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరి గుట్టమీద పాత గోతులున్నా, దంచిన గుంటలున్న బండలున్నా వాటిని కంకరకు పగలగొట్టనివ్వకండి, చెత్తతో పూడ్చనివ్వకండి. పురావస్తు శాఖకు, భూగర్భ శాఖకు చెప్పండి. ఊళ్లో పెద్దవాళ్లు ఆ గోతుల గురించి ఏం చెబుతారో రాసి పెట్టండి. 1802లో వారెన్ చెవిన పడింది కూడా అలాంటి ఊరిమాటే. ఆ మాట చెప్పినవాళ్ల పేర్లు అప్పుడు ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడైనా మనం రాసుకుందాం.