వట్టికాళ్ల ఆట

మంచిర్యాల దగ్గర ఎండాకాలం గోదావరి సన్నబడితే ఇసుకమేటే మా మైదానం. చెప్పులు విప్పి, రెండు రాళ్లు గోలుగా పెట్టి ఆడేవాళ్లం. ఇసుకలో బంతి దొర్లదు. వేళ్లకొసతో లేపి గాల్లోనే అందివ్వాలి. బీచ్ సాకర్ కిటుకూ అదే. 1992లో దానికి నియమాలు రాశారు: జట్టుకు ఐదుగురు, పన్నెండు నిమిషాల దఫాలు మూడు, బూట్లు నిషేధం. 2005లో రియో కోపకబానా తీరాన తొలి ఫిఫా కప్పును ఒకప్పటి ఫుట్‌బాల్ తార ఎరిక్ కాంటోనా నడిపిన ఫ్రాన్స్ గెలిచింది.

ఫుట్‌బాల్ మాట వస్తే మా నాయిన మాత్రం ఒక్క పేరే తలిచేవాడు: తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కోచ్ రహీం సాబ్ జట్టుతో స్వర్ణం తెచ్చాడు. బలరాం 2023లో పోయాడని తెలిసిన రోజు గోదావరి ఒడ్డుకు పోయి, చెప్పులు విప్పి చాలాసేపు నిలబడ్డాను.