ఉప్పెన చూచిన సైకిలు

పాత సైకిలు ఒకటి కొనుటకు విజయవాడ నుండి దివిసీమ దాకా పోవలెనా అని మా ఇంటిలోనే ప్రశ్న వచ్చినది. ప్రశ్న సబబైనదే. నగరంలో సైకిళ్ళకు కొదవ లేదు. అద్దాల దుకాణాలలో అల్యూమినియం బండ్లున్నవి, ఒంటి చేత్తో ఎత్తగలిగే కార్బను బండ్లున్నవి. ఒక్కొక్కదానికి 20కి పైగా గేర్లున్నవి. మేము వెదకినది అది కాదు. నల్లని ఉక్కు చట్రం, దానిపై సన్నని బంగారు గీతలు, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఉక్కు కడ్డీలతో పట్టే బ్రేకులు, గొలుసును పూర్తిగా కప్పే రేకుపెట్టె, తోలు సీటు: మన తాతల తరానికి సైకిలు అంటే ఇదే. రేడియో అంటే వాల్వులు వెచ్చబడేదాకా ఆగవలసిన కొయ్యపెట్టె అయినట్లే ఇదీను.

అటువంటిది అవనిగడ్డకు దిగువన ఒక గ్రామంలో ఉన్నదని తెలిసి వెళ్ళాము. ఆ ఇంటి పెద్దకుమారుడు గాదె వెనుకనుండి బండిని బయటికి తెచ్చి, పంచె చెంగుతో సీటు తుడిచారు. చట్రం ముందుభాగాన కొంగ తల గుర్తు ఉన్నది. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రంలోనూ కొంగ తలలే కత్తిరించి ఉన్నవి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరపు రాలీ కంపెనీ చిహ్నమది. ఆయన తండ్రిగారు బడిపంతులు. ఉద్యోగంలో చేరిన 1952లో దీనిని కొన్నారట.

"ముందే చెబుతున్నానండీ, ఇది ఉప్పెనలో మునిగిన బండి. రేపు మమ్మల్ని ఒక మాట అనకూడదు" అన్నారాయన.

1977 నవంబరు 19న సముద్రం దివిసీమ మీదికి వచ్చినది. వేలమంది ప్రాణాలు పోయినవి. ఆ ఇంటిలో ప్రాణాలు దక్కినవిగాని, బండి మాత్రం నీరు తీసిన తరువాత చింతచెట్టు మొదట బురదలో దొరికినదట. పంతులుగారు దానిని మంచినీటితో కడిగి, విప్పదగినవన్నీ విప్పి కిరసనాయిలులో నానవేసి, మరల బిగించుకొన్నారు. బస్సు రాని ఆ రోజులలో మందులు, బియ్యం తెచ్చినది ఈ బండిమీదనే అని కుమారుడు చెప్పారు. అమ్మకానికి పెట్టినవాడు సరకు గొప్పనే చెబుతాడని అంటారు. ఈయన ముందుగా లోపం చెప్పారు. బేరమాడుటకు మాకు నోరు రాలేదు.

ఇచ్చేముందు ఆయన లాంతరు తగిలించే కొక్కెం దగ్గర కట్టిన చిన్న రేకుబిళ్ళను ఊడదీసి జేబులో వేసుకొన్నారు. అది సైకిలు పన్ను బిళ్ళ. మేము అడుగలేదు. ఆ తీగ గుర్తు మా బండిమీద ఇప్పటికీ ఉన్నది.

ఈ కాలపు పిల్లలకు ఆ బిళ్ళ సంగతి చెప్పవలె. ఆ రోజులలో రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు కట్టినట్లే, సైకిలుకు ఏటేటా పురపాలక సంఘానికో పంచాయతీకో పన్ను కట్టి బిళ్ళ తెచ్చుకోవలె. బిళ్ళ లేకున్నా, చీకటిపడిన తరువాత దీపం లేకున్నా, వెనుక మరొకరిని ఎక్కించుకొన్నా పోలీసువారు ఆపేవారు. వారిని దూరంనుండి చూచి వెనుకనున్నవాడు ఉరికి దిగి, ఏమీ ఎరుగనట్లు నడచిపోవడం బెజవాడ వీధులలో నిత్యం జరిగే నాటకమే.

ఈ వాహనం పుట్టుక దూరదేశంలో. 1885లో స్టార్లీ అనే ఆంగ్లేయుడు రెండు దాదాపు సమానమైన చక్రాలు, వెనుకచక్రాన్ని తిప్పే గొలుసు గల రోవర్ బండిని తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టాడు. ఆ రెండూ కలిసిన తరువాత సైకిలు రూపురేఖలలో మూలమైన మార్పు రాలేదనే చెప్పవచ్చును. రాలీ, హంబర్, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్, ఫిలిప్స్ మున్నగు పేర్లు ఓడలపై మన రేవులకు వచ్చినవి.

అయితే ఇంగ్లండులో పుట్టిన ఈ బండికి తగిన నేల కృష్ణా డెల్టాలో దొరకడమే విచిత్రం. దాని గొప్ప దాని ఉక్కులో ఎంత ఉన్నదో, మన కాలువలలో అంత ఉన్నదని మా అభిప్రాయం. కాటన్ దొర ప్రేరణతో కెప్టెన్ ఆర్ కట్టిన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయినది. అక్కడనుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, వాటి పిల్లకాలువలు చెట్టుకొమ్మలవలె విస్తరించినవి. కాలువ ఉన్నచోట గట్టు ఉన్నది. గట్టు ఉన్నచోట, పొలాలు మోకాటిలోతు నీటిలో ఉన్నా, నడువదగిన ఎత్తైన దారి ఉన్నది. నీరు తనంతట తాను పారవలెనంటే నేల వాలు అతిస్వల్పంగా ఉండవలె. కాబట్టి గట్టుదారిలో ఎగుడు లేదు, దిగుడు లేదు. కొండ ఎక్కని బండికి గేర్లతో పనేమి? మా రాలీకి ఉన్నది ఒక్కటే గేరు. పంతులుగారికి అంతకుమించి అవసరం రాలేదు, ఎదురుగాలి వీచిన రోజున తప్ప.

మొదట కాలువలలో పడవలే ప్రయాణసాధనాలు. ధాన్యం, మనుష్యులు, పెండ్లివారు అందరూ పడవలలోనే. తరువాత రైలు వచ్చినదిగాని స్టేషను ఒకచోట, ఊరు మరొకచోట. ఆ నడిమి దూరం సైకిలుది. తపాలా జవాను, పాలవాడు, బట్టలమూట వర్తకుడు, పొరుగూరి హైస్కూలుకు పోయే విద్యార్థి, పురుడు పోయుటకు మంత్రసానిని వెనుక కూర్చుండబెట్టుకొని వచ్చే కంగారుపడిన భర్త: వీరందరికీ ఇదే రథం. స్వంత బండి లేనివానికి అద్దె దుకాణం ఉండేది. గంటలెక్కన బండి తీసికొని, సీటు అందక, చట్రపు త్రికోణంలోనుండి కాలు దూర్చి, నడుము వంకరపెట్టి తొక్కి, మోచేతులు గీరుకొని నేర్చినవారే మాలో ఎక్కువమంది.

కృష్ణ మాత్రం అడ్డు. సీతానగరం వైపునుండి విజయవాడకు రావలెనంటే రైలుకో పడవకో ఎదురుచూడవలసి ఉండేది. 1952లో పాత ఆనకట్టకు గండిపడిన తరువాత ప్రకాశం పంతులుగారి పేర కట్టిన బ్యారేజి 1957లో పూర్తయి, దానిమీద రోడ్డు వచ్చినది. బ్యారేజిని సాగునీటి నిర్మాణంగానే చరిత్రలు వ్రాస్తారు. గుంటూరు వైపు పల్లెలనుండి కూరగాయల గంపతో తెల్లవారుజామున నగరానికి వచ్చే సైకిలువానికి అది నది మీద వేసిన దారి.

ఈ బండికి రాజకీయ గౌరవం కూడ లభించినది. పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలుపై వెళ్ళేవారన్నది ప్రసిద్ధమైన సంగతి. 1955లో ఆయన మన గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైనారు. మోటారుకార్ల వరుసలో సైకిలు నిలిపే సభ్యుని చూచి ఢిల్లీవారు వింతపడి ఉండవచ్చును. గన్నవరం ఓటరుకు అందులో వింత ఏమున్నది? తాను తొక్కేది కూడ అదే.

ఆ దశాబ్దంలోనే సైకిలు స్వదేశీ అయినది. మదరాసు సమీపాన అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ ఏర్పడి హెర్క్యులిస్ బండ్లు తయారుచేయసాగినది. బెంగాలులోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ, సోనీపట్టులో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వెలిసినవి. ఇంగ్లండు బండి అయితేనే బండి అనే భ్రమ మన పెద్దలకు ఉండేది. పాత బండ్లు కొనేవారిలో ఇప్పటికీ ఉన్నది. కొంగ తల కనబడితే ధర పెరుగుతుంది. బాగా చూచుకొన్న అంబత్తూరు హెర్క్యులిస్ దొరికితే, తుప్పుపట్టిన నాటింగ్‌హామ్ రాలీకంటె అదే మేలని మేము నిస్సంకోచంగా చెబుతాము. మేము కొన్నది తుప్పుపట్టిన రాలీని కాబట్టి ఈ మాట చెప్పే హక్కు మాకున్నది. సేన్-రాలీ 1980లో జాతీయమై, తరువాత మూతపడినది. అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారం 2020 జూన్ 3న ఆగిపోయినది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం.

ఇక మా బండి సంగతి. ఉప్పునీరు తాగిన ఉక్కును నమ్మవచ్చునా? భయం అదే. పైతుప్పు గీకితే పోతుంది. గొట్టం లోపలినుండి తినివేసే తుప్పు కంటికి కనబడదు. ఒకనాడు గట్టు దిగుతుండగా చట్రం విరిగితే పండ్లు మిగలవు. విజయవాడలో ఒక సందులో 50 ఏండ్లుగా సైకిళ్ళు బాగుచేస్తున్న పెద్దాయన వద్దకు తీసికొనిపోయాము. ఆయన మా మాట వినలేదు. బండి మాట విన్నారు. రూపాయి బిళ్ళతో గొట్టాలన్నిటినీ వరుసగా తట్టి, చెవి ఒగ్గి విన్నారు. మంచి గొట్టం గంటవలె పలుకుతుంది, చెడినది పెంకువలె పలుకుతుంది. ముందుచక్రం వెనుక, చట్రపు మెడక్రింద వేలు పోనిచ్చి ముడత ఉన్నదేమో చూచారు. ఎప్పుడైనా గుద్దుకొన్న బండికి అక్కడ ఉక్కు ముడత పడుతుందట. తరువాత అన్నీ విప్పి చట్రాన్ని తలక్రిందులు చేసి కొట్టారు. ఎఱ్ఱని పొరలతో కలసి గుప్పెడు సన్నని ఇసుక రాలినది. అది ఉప్పెన ఇసుకయో, ఏండ్ల తరబడి గట్టుదారి ధూళియో మేము చెప్పజాలము. దానిని ఊడ్చివేయుటకు కొంతసేపు చేయి రాలేదు.

"గొట్టం ఉన్నది, బాబూ. పంతులుగారు ఎవరోగాని నూనె బాగా తాగించారు" అన్నారు పెద్దాయన. ఈ పనినే మన సైకిలువారు ఓవరాయిలింగు అంటారు. ఇంగ్లీషు మాట ఓవర్‌హాలింగు అని సవరించే పండితులున్నారు. నూనెతో చేసే పనికి ఆయిలింగు అనడమే న్యాయం కదా!

పెడళ్ళ ఇరుసుకు రెండువైపుల ఉండే కప్పులు అరిగినవి. బజారులో కొన్న కొత్తకప్పు రెండుచుట్లు తిరిగి బిగుసుకొన్నది. మేము బలం ప్రయోగించబోగా పెద్దాయన చేయి పట్టుకొన్నారు. రాలీవారు ఆ చోట అంగుళానికి 26 మరచుట్లు కోసేవారు. తక్కిన ఆంగ్ల బండ్లకు, బజారు సామానుకు 24. బలవంతంగా తిప్పితే చట్రంలోని మరలే పాడై, ఉప్పెన చేయలేని పని మేము చేసేవాళ్ళము. పాత ఇనుపసామాను అంగడులలో మూడువారాలు తిరిగి, విరిగిన మరొక రాలీ నుండి కప్పులు సంపాదించాము.

రంగు విషయంలో ఇంటిలో తగవు వచ్చినది. కొత్తరంగు వేయిస్తే అద్దంవలె మెరుస్తుందని ఒక పక్షం. ఉన్నది ఉండనిమ్మని మరొక పక్షం. మెరుపు వద్దన్న పక్షమే గెలిచినది. బంగారు గీతలు అక్కడక్కడ మిగిలినవి, కుడిగొట్టం మీద బురదలో ఒరిసిన మచ్చ ఉన్నది. రంగు పూర్తిగా పోయినచోట మాత్రం తుప్పు పెరుగకుండ పలుచని వార్నీషు పూశాము.

మాఘమాసపు తెల్లవారుజామున యనమలకుదురు దాటి, కృష్ణ కరకట్ట మీదుగా తోట్లవల్లూరు వైపు తొక్కుకొనిపోయాము. ఈ బండి తొందరపడనివ్వదు. నిటారుగా కూర్చుండబెడుతుంది. లంకలలో అరటితోటలు, పసుపు పొలాలు, మంచులో పోయే పశువులు అన్నీ కనబడుతవి. పొడవైన ముందుఫోర్కు గుంటలను తనలోనే మింగుతుంది. లోపాలు లేవా? ఉన్నవి. బరువు మెండు. చక్రపు అంచు మంచుకు తడిసినదంటే బ్రేకు ఉన్నదో లేదో తెలియదు. కరకట్ట దిగే ఏటవాలులో చెప్పుల అడుగులు అరుగదీసుకొని ఆగాము.

ఆ ప్రయాణంలోనే వెనుకచక్రం వంకర తిరిగినది. మరునాడు పెద్దాయన వద్దకు పోగా, తమ కుమారులెవరూ ఈ పనికి రాలేదని, రెండేండ్లలో దుకాణం మూసివేస్తానని చెప్పారు. చక్రం ఎవరు తీస్తారని మేము అడిగితే, చువ్వలు బిగించే తాళపుచెవి మా చేతిలో పెట్టి ముక్కాలిపీట చూపించారు. వెనుకచక్రానికి 40 చువ్వలు. ఒకటి బిగిస్తే ఎదుటిది వదులు చేయవలె. ఆ ఆదివారమంతా అక్కడే గడిచినది. సాయంత్రానికి వంకర సగానికి తగ్గినది. వచ్చే ఆదివారం మరల రమ్మన్నారు.